చుక్కను వదలని కళ్లు

ఫొటోలు ఓపిగ్గా చూడడం కూడా గొప్ప పనితనమే. 1993 ఆగస్టు 28న గెలీలియో అంతరిక్ష నౌక ఇడా అనే గ్రహశకలం పక్కగా దూసుకెళ్లింది. నౌక పెద్ద యాంటెన్నా సరిగ్గా విచ్చుకోలేదు; చిత్రాలు నెలల తరబడి నత్తనడకన భూమికి చేరాయి. 1994 ఫిబ్రవరి 17న వాటిని పరిశీలిస్తున్న ఆన్ హార్చ్ కంట ఇడా పక్కన ఓ చుక్క పడింది. మరకేమోనని దాటేసి ఉంటే?

దాదాపు 60 కిలోమీటర్ల పొడవున్న ఇడాకు, సగటున కిలోమీటరున్నర వెడల్పైనా లేని బుజ్జి చందమామ అది. పేరు డాక్టిల్. గ్రహశకలాలకూ చంద్రులుంటాయని తిరుగులేకుండా తేలింది అప్పుడే. ఒక పెద్ద శకలం ఢీకొన్న దెబ్బకు బద్దలవగా పుట్టిన కొరోనిస్ కుటుంబంలోది ఇడా. ఆ శిథిలాల్లోంచే డాక్టిల్ కూడా పుట్టి ఉండవచ్చు.

చంద్రులున్న గ్రహశకలాలు ఇప్పుడు వందల్లో తెలుసు. వాటన్నిటికీ ముందుంది ఆమె పట్టుకున్న ఆ చుక్క.