ఊరు వద్దన్న ఓటు

క్రిందటి సంవత్సరం మా కళాశాలలో స్థానిక స్వపరిపాలనను గూర్చి వక్తృత్వపు పోటీ జరిగింది. న్యాయనిర్ణేతలలో నేనొకణ్ణి. ఒక విద్యార్థి లేచి, అమెరికాలోని న్యూయార్కు రాష్ట్రంలో ప్రజలు తమ ఊరి ప్రభుత్వాన్ని ఉంచుకోవటమో, రద్దు చేసుకోవటమో తామే ఓటువేసి తేల్చుకుంటారనీ, మనకా భాగ్యం లేదనీ చెప్పి సభచేత చప్పట్లు కొట్టించుకున్నాడు. అతనికి మొదటి బహుమతి ఇవ్వటానికి నేనూ సమ్మతించాను. ఇంటికి వచ్చిన తర్వాత మాత్రం మనస్సు స్థిమితపడలేదు. అతను చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అయినా ముఖ్యమైనది ఏదో దాటిపోయాడనిపించింది. అది ఏమిటో వెదకటమే ఈ వ్యాసం పని.

ముందు మాటల సంగతి తేల్చుకోవాలి. మన నోట 'టౌను' పెద్దది, 'విలేజి' చిన్నది, రెండూ వేరువేరు చోట్లు. న్యూయార్కులో విలేజి టౌను కడుపులో ఉంటుంది. నగరాలనూ, ఆదిమజాతుల ప్రత్యేక భూములనూ మినహాయిస్తే రాష్ట్రంలోని ప్రతి అంగుళమూ ఏదో ఒక టౌనులోనిదే. ఆ టౌను ఇంచుమించు మన మండలం వంటిది. అందులో ఇళ్లు దట్టంగా ఉన్నచోట జనం తమకు ప్రత్యేకంగా పోలీసూ, మంచినీళ్లూ, వీధిదీపాలూ కావాలనుకుంటే విలేజిగా ఏర్పడతారు. అందుకు వేరే పన్ను కట్టుకుంటారు. కనుక విలేజివాసికి పన్నులు రెండు, ఓట్లు రెండు. విలేజి వెలుపలివాడు టౌనుకు మాత్రమే కడతాడు, టౌనుకే ఓటు వేస్తాడు. రద్దు కథ అంతటికీ మూలం ఈ రెండో పన్ను.

2009లో ఆ రాష్ట్రం ఒక చట్టం చేసింది. అప్పటి అటార్నీ జనరల్ ఆండ్రూ క్యూమో దానికి సూత్రధారి. గవర్నరు డేవిడ్ పాటర్సన్ సంతకం చేశాడు. చట్టం పేరులోనే పౌరులకు అధికారమివ్వటం అనే మాట ఉన్నది. దాని ప్రచారంలో పదేపదే వినిపించిన సంఖ్య ఒకటున్నది: రాష్ట్రంలో 10,500కు పైగా ప్రభుత్వాలున్నాయట. సాహిత్య విద్యార్థిని కనుక నాకు ఈ సంఖ్య దగ్గర కొంచెంసేపు ఆగాలనిపిస్తుంది. అదే కాలంలో అమెరికా జనాభా లెక్కలవారు ఆ రాష్ట్రంలో గుర్తించిన స్థానిక ప్రభుత్వాలు సుమారు 3,400 మాత్రమే. మిగిలినవి ఎక్కడినుంచి వచ్చాయి? ఒక వీధికి దీపాలు, ఒక పేటకు మురుగుకాలువ వేసి, ఆ ఖర్చును ఆ పేటవారినుంచే రాబట్టటానికి గీసుకున్న పన్ను హద్దులున్నాయి. వాటిలో చాలావాటికి వేరే సభ్యులు లేరు, ఎన్నికలు లేవు. టౌను బోర్డే వాటినీ నడుపుతుంది. ఆ హద్దులను కూడా ప్రభుత్వాల జాబితాలో చేర్చి లెక్క పెంచారు. మన అలంకారికులు దీన్ని అతిశయోక్తి అంటారు. కావ్యంలో అది శోభ. శాసనానికి నాందిగా వచ్చినప్పుడు దాని పని వేరు. పదివేల ప్రభుత్వాలని విన్నవాడికి ముందే రోత పుడుతుంది. రోత పుట్టిన తర్వాత ఏది కొట్టివేసినా మేలే అనిపిస్తుంది.

ఇక చట్టం నడక. విలేజి ఓటర్లలో నూటికి పదిమంది సంతకాలు చేస్తే రద్దుమీద ఓటింగు పెట్టి తీరవలసిందే. మరీ పెద్ద ఊళ్లయితే 5,000 సంతకాలు చాలు. ఓటర్లు 500 లోపైతే నూటికి ఇరవై కావాలి. ఆ ఓటింగులో రద్దు నెగ్గితే, అప్పుడు విలేజి బోర్డు 180 రోజుల్లో రద్దు పథకం తయారుచేయాలి. పోలీసు ఏమవుతుంది, పాత అప్పులు ఎవరు తీరుస్తారు, నీటి పంపులు ఎవరు చూస్తారు, ఎవరి పన్ను ఎంత తగ్గి ఎవరి పన్ను ఎంత పెరుగుతుంది అనే ప్రశ్నలకు జవాబు దొరికేది ఓటు పడ్డ తర్వాతనే. ముహూర్తం పెట్టుకుని, ఆ తర్వాత వరుణ్ణి వెదకటానికి బయలుదేరినట్టున్నది. పథకం నచ్చనివారు రెండవ ఓటు కోరవచ్చు. కాని దానికి 45 రోజుల్లో నూటికి ఇరవై అయిదుమంది సంతకాలు కావాలి. కదిలించటానికి పది, ఆపటానికి ఇరవై అయిదు! మొదటి ఓటులోనే రద్దు ఓడిపోతే నాలుగేళ్లదాకా మళ్లీ అడగరాదన్నది ఒక్కటే ఊరికి దక్కిన ఊరట.

చట్టాన్ని సమర్థించేవారి వాదన బొత్తిగా త్రోసివేయదగినది కాదు. పాత చట్టం ప్రకారం పథకం ముందు తయారు కావాలి. ఎవరి పదవులు ఊడబోతున్నాయో ఆ బోర్డు సభ్యులే దాన్ని తయారుచేయాలి. కనుక వారు కాగితాలమీద సంవత్సరాల తరబడి కూర్చోగలరు. ఈ అనుభవం మనకు కొత్తది కాదు. అంతమాత్రాన పథకం లేకుండానే తీర్పు అడగటం దానికి మందా? బోర్డుకు గడువు పెట్టి పథకం ముందు రాయించవచ్చు గదా.

ఇప్పుడు సెనెకా ఫాల్స్ కథ. ఈ పేరు మన విద్యార్థినులు కొందరైనా విని ఉంటారు. 1848 జూలై 19, 20 తేదీలలో ఎలిజబెత్ కేడీ స్టాంటన్ మొదలైనవారు స్త్రీల హక్కుల మహాసభ జరిపినది ఈ ఊళ్లోనే. సుమారు మూడువందలమంది వచ్చారు. వందమంది ప్రకటనపై సంతకాలు చేశారు. స్త్రీకి ఓటుహక్కు కావాలన్న తీర్మానం అక్కడ చాలామందిని భయపెట్టింది, అయినా నెగ్గింది. తాను పాల్గొనని శాసనానికి స్త్రీ ఎందుకు లోబడాలన్నది ఆ ప్రకటన వేసిన ప్రశ్నలలో ఒకటి. ఆ ఊరు 1831లో విలేజి అయింది. కాలువ ఒడ్డున మిల్లులతో, పంపుల కర్మాగారంతో బ్రతికిన శ్రామికుల ఊరు. 1844లో కట్టిన అక్కడి ఉన్ని అల్లిక మిల్లు 1999లో మూతపడింది. ఆ రాతి కట్టడంలో ఇప్పుడు ప్రసిద్ధ మహిళల స్మారక ప్రదర్శనశాల ఉన్నది. ప్రదర్శనశాల మంచిదే. దానిలో జీతాలు దొరికేవారెందరు, మిల్లులో దొరికినవారెందరు అని మాత్రం ఎవరూ లెక్కవేయరు.

2010 మార్చి 16న ఆ విలేజి ఓటర్లు స్వల్పమైన ఆధిక్యంతో తమ విలేజిని రద్దు చేసుకున్నారు. కొత్త చట్టం అమలుకు రావటానికి అయిదు రోజుల ముందు, అంటే పాత పద్ధతిలో, పథకం చూసుకుని వేసిన ఓటు అది. 2011 డిసెంబరు 31తో విలేజి ముగిసింది. పోలీసు దళం టౌనుది అయింది. అప్పటికి విలేజిలో సుమారు 6,700 మంది, టౌను మొత్తంమీద సుమారు 9,000 మంది ఉన్నారు. అంటే విలేజి వెలుపల రెండువేల పైచిలుకు జనం. విలేజి బరువు ఇక తమ టౌను నెత్తికి వస్తుందని తెలిసినా వారికి ఆనాడు ఓటు లేదు. పాత చట్టంలోనూ లేదు, కొత్త చట్టంలోనూ లేదు. 1848 నాటి ఊళ్లోనే, తమ మీద పడబోయే నిర్ణయంలో తమకు ఓటులేని జనం మళ్లీ కనిపించారు. స్త్రీల పరాధీనతకూ, ఈ టౌనువాసుల చిక్కుకూ పోలిక పెట్టటం నా ఉద్దేశం కాదు. బాధ లోతులో సామ్యం లేదు, తర్కంలో ఉన్నది.

ఇది తప్పనిసరి చిక్కు కూడా కాదు. పొరుగున న్యూజెర్సీలో ప్రిన్స్‌టన్ బరో, ప్రిన్స్‌టన్ టౌన్‌షిప్పు కలిసిపోవాలని 2011 నవంబరులో నిశ్చయించుకున్నప్పుడు రెండుచోట్లా వేరువేరుగా ఓటింగు జరిగింది, రెండుచోట్లా నెగ్గవలసి వచ్చింది. అంతకుముందు 1996లో బరోవారు కాదన్నందున ఆ విలీనం ఆగిపోయింది. ఇద్దరినీ అడగటం ఆలస్యమే. ఆలస్యం కావటం అసాధ్యం కావటం ఒకటి కాదు.

కొత్త చట్టం వచ్చిన కొద్ది నెలలకే, 2010 ఆగస్టులో, బఫెలో నగరం చెంతనున్న విలియమ్స్‌విల్, స్లోన్ అనే రెండు విలేజీలలో ఓటింగు జరిగింది. మొదటిది కలిగినవారి ఊరు, రెండవది కార్మికుల చిన్న ఊరు. రెండూ రద్దును పెద్ద ఆధిక్యంతో తిరస్కరించాయి. పథకం చూపకుండా అడిగితే జనం జంకుతారని దీన్నిబట్టి సూత్రం చెయ్యాలని నాకూ ఆశపుట్టింది. కాని లాంగ్ ఐలాండులోని మాస్టిక్ బీచ్ ఆ సూత్రాన్ని నిలవనివ్వదు. అక్కడివారు 2010లో ఓటువేసి విలేజి కట్టుకున్నారు. ఊళ్లో ఉండని యజమానులు అద్దెకిచ్చి పాడుపెట్టిన ఇళ్లను తామే అదుపుచేయగలమన్నది వారి ఆశ. పన్నులూ లెక్కలూ తలకు మించి, 2016లో మళ్లీ ఓటువేసి దాన్ని కూల్చుకున్నారు. 2017తో అది పోయింది. పాడుపడ్డ ఇళ్ల యజమానుల మీద ఓటు ఏనాడూ జరగలేదు. విలేజి మీద మాత్రం రెండుసార్లు జరిగింది.

విమర్శకుడు పట్టుకోవలసిన కీలకం ఇక్కడ ఉన్నదని నా అభిప్రాయం. మిల్లు మూసివేయటంమీద సెనెకా ఫాల్స్ జనాన్ని ఎవరూ ఓటు అడగలేదు. మిల్లులు పోయి పన్ను కట్టే ఆస్తి తరిగి, మిగిలినవారి మీద భారం పెరిగిన తర్వాత, ఇప్పుడు మీ ఊరిని ఉంచుకుంటారా అని అడిగారు. ఓటు నిజమైనదే, లెక్కింపు నిజమైనదే. ప్రశ్న రాసినవాడు వేరే. పైగా 2011 నుంచి రాష్ట్రం ఒక ఎర కూడా వేసింది: రద్దయిన లేక కలిసిపోయిన ఊళ్ల పన్నులలో నూటికి పదిహేను వంతు, ఏటా పదిలక్షల డాలర్లకు మించకుండా, రాష్ట్రమే ఇస్తుంది. అందులో నూటికి డెబ్బయి వంతులు తప్పక ఆస్తిపన్ను తగ్గింపుకే పోవాలి. వద్దన్న ఊరికి ఏమీ లేదు. ఆస్తిపన్ను చీటీ వచ్చేది ఇంటి యజమానికి. అద్దె ఇంటివాడికి ఓటున్నది కాని చీటీ రాదు. చర్చంతా చీటీ చుట్టూ తిరుగుతుంది కనుక అతనితో మాట్లాడేవాడే కరువు.

మనలో కొందరు దీనికి విరుగుడుగా ఊరిని నెత్తిన పెట్టుకుంటారు. చిన్నదంతా ప్రజలదనీ, పెద్దదంతా దొరలదనీ అనుకోవటం సులభం. అదే లాంగ్ ఐలాండులో 1920, 30 దశకాలలో మహాసంపన్నులు తమ ఎస్టేట్ల చుట్టూ విలేజీలు కట్టుకున్నారు. చిన్న స్థలంలో ఇల్లు కట్టరాదని నిబంధన పెడితే చాలు, బీదవాడు ఆ పొలిమేర దాటడు. అటువంటి విలేజి రద్దయితే కంటతడి పెట్టవలసిన పని అభ్యుదయవాదికి లేదు.

సెనెకా ఫాల్స్ టౌనులో ఒక చెత్తకొండ ఉన్నది. సెనెకా మెడోస్ అని పేరు. న్యూయార్కు రాష్ట్రంలోకెల్లా పెద్దది. రోజుకు ఆరువేల టన్నులదాకా చెత్త వేయటానికి దానికి అనుమతి ఉండేది. న్యూయార్కు మహానగరపు చెత్త కూడా అక్కడికి వచ్చేది. దాన్ని నడిపే కంపెనీ టౌనుకు సొమ్ము చెల్లించేది. ఖజానాలో అది పెద్ద రాబడి. రద్దు చర్చలో వాడిన కొలబద్దతోనే చూస్తే, పద్దుల పుస్తకంలో ఊరు ఖర్చు, చెత్తకొండ జమ. అయినా 2016లో టౌను బోర్డు, ఆ కొండను 2025 చివరికి మూసివేయాలని స్థానిక చట్టం చేసింది. మరుసటి ఏడే తిరిగి దాన్ని రద్దు చేయబూనింది. తగవు న్యాయస్థానాలకెక్కింది. ఆ బోర్డును ధీరోదాత్త నాయకుణ్ణి చేయటానికి వీలులేదు. కాని వద్దని చెప్పటానికి చట్టబద్ధమైన నోరు ఒకటి అక్కడ మిగిలి ఉన్నది. ఖర్చు తగ్గింపు వాదాన్ని ఇంకొక మెట్టు పైకి తీసుకుపోయి టౌనును కూడా చెరిపివేసి ఉంటే, చెత్త దుర్గంధం వీస్తున్న ఇళ్లవారు ఎవరి గుమ్మం ముందు నిలబడి ఉండేవారు?

మా విద్యార్థి మాటకు తిరిగి వస్తాను. మనల్ని అడగనైనా అడగలేదన్నాడు. నిజమే. 1986 నాటి చట్టంతో పంచాయతీ సమితులు పోయి మండల ప్రజాపరిషత్తులు వచ్చినప్పుడు ఏ ఓటరునూ ఎవరూ అడగలేదు. 2024 సెప్టెంబరులో హైదరాబాదు చుట్టుపట్ల 51 గ్రామపంచాయతీలు పొరుగు మునిసిపాలిటీలలో కలిసిపోయినది ఒక ఆర్డినెన్సుతో. ఉపాధి హామీ పని గ్రామాలకే కనుక, ఊరు మునిసిపాలిటీలో కలిసేసరికి కూలికి పోయే స్త్రీకి ఆ పని హక్కు పోతుంది. ఆమెను ఎవరైనా ఓటు అడిగి ఉంటే బాగుండేది. అడగబోయేవారు ఆమె చేతికి ముందు ఏ కాగితం ఇవ్వాలి, పన్ను ఎంత, పని ఏమవుతుంది అన్నవి అందులో ఉంటాయా, పొరుగు మునిసిపాలిటీలోని బస్తీవారికి కూడా ఓటు ఉంటుందా అని ఆ కుర్రవాణ్ణి అడగవలసింది. బహుమతి ఇచ్చే తొందరలో నేను అడగలేదు. వచ్చే నెల చర్చాగోష్ఠిలో అతనే మొదటి వక్త.