చేదు, నిష్ఠూరం, అక్కసు: తెలుగు వైమనస్య పదాల తారతమ్యం – ఘోషయాత్ర ఘట్టం వెలుగులో ఒక పరిశీలన

వ్యాససంగ్రహం

ఇంగ్లీషులో నిత్యవ్యవహారంలో ఉన్న బిటర్‌నెస్, రిజెంట్‌మెంట్, గ్రడ్జ్, స్పైట్ వంటి పదాలను తెనిగించేటప్పుడు చేదు, కక్ష, ద్వేషం అనే మాటలతోనే సరిపెట్టే అలవాటు పెరుగుతోంది. తెలుగులోని వైమనస్య పదాలు మనసు స్థితితో పాటు, ఆ భావం ఎవరిపట్ల, ఏ బంధంలో పుట్టిందో కూడా తెలుపుతాయని అద్దంకి ప్రాంత వాడుక, ఎఱ్ఱన ఘోషయాత్ర ఘట్టాల ఆధారంగా ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: వైమనస్యం, నిష్ఠూరం, అక్కసు, ఉక్రోషం, దాయ, ఘోషయాత్ర, అనువాదం.

1. ఉపోద్ఘాతం

డిగ్రీ తరగతిలో ఇచ్చిన ఒక అనువాద అభ్యాసం ఈ పరిశీలనకు ప్రేరణ. పొలం పంపకాల్లో మనసు నొచ్చిన తమ్ముడు అన్నగారింటి పెళ్ళికి వస్తాడు. వెళ్ళేటప్పుడు, "నన్ను పిలవాలని మీకు గుర్తుండటమే గొప్ప" అంటాడు. ఆ మాటను అతడు బిటర్‌నెస్‌తో అన్నాడని మూలం. విద్యార్థుల్లో ఎక్కువమంది "చేదుగా అన్నాడు" అని, కొందరు "కక్షతో అన్నాడు" అని రాశారు. అదే మాట మీ ఇంట్లో ఎవరైనా అంటే ఏమంటారని అడిగాను. "నిష్ఠూరమాడాడంటాం" అన్న జవాబు వెంటనే వచ్చింది. నోటికి తెలిసిన మాట కలానికి ఎందుకు అందలేదన్నదే ఇక్కడి ప్రశ్న.

2. రుచి వాచకాలు: చేదు, కారం

ఇంగ్లీషులో బిటర్ అనే పదం నాలుకకూ మనసుకూ సమానంగా వర్తిస్తుంది. దాని ప్రాచీన మూలానికి కొరకడం అనే అర్థంతో సంబంధం ఉంది. తెలుగులో చేదు ప్రధానంగా మనకు జరిగినదాని గుణం: చేదు అనుభవం, చేదు జ్ఞాపకం. "నేను నీకు చేదయ్యానా?" అన్నప్పుడు కూడా చేదయ్యేది మనిషే, ఎదుటివారి మనసులోని భావానికి చేదు పేరు కాలేదు.

ఆ భావాన్ని తెలుగు వేడితో చెబుతుంది: కడుపుమంట, ఒళ్ళుమంట, కారాలు మిరియాలు నూరడం. మిరప పండే అద్దంకి పరిసరాల్లో చివరి పలుకుబడికి వివరణ అక్కరలేదు. అయితే మిరప 16వ శతాబ్దంలో పోర్చుగీసువారి ద్వారా మన దేశానికి వచ్చిన పంట. అంతకు రెండు వందల ఏళ్ళ ముందు జీవించిన ఎఱ్ఱన నాటికి వంటలో ఘాటు మిరియానిదే. నేడు కారమంటే మిరపపొడిగా తోచే ఆ పలుకుబడిలో పాత ఘాటు, కొత్త ఘాటు పక్కపక్కనే నిలిచాయి. పంట మారినా, కోపాన్ని మంటగా చూసే దృష్టి మారలేదు.

3. క్రియలు చెప్పే తేడా

ఈ పదాల తారతమ్యాన్ని వాటితో వచ్చే క్రియలు పట్టిస్తాయి. కక్ష పెంచుకొంటాం, అక్కసు వెళ్ళగక్కుతాం, నిష్ఠూరం ఆడతాం. పగ, అలుక రెండూ తీరేవే. కాని పగను తానే తీర్చుకొంటాడు; అలుకను మరొకరు తీరుస్తారు. బుజ్జగించేవారు లేనిచోట అలుక లేదు.

నిష్ఠూరం మరింత విశిష్టమైనది. సంస్కృతంలో నిష్ఠుర శబ్దానికి కఠినమని అర్థం. తెలుగులో అది, మనపై హక్కున్నవారు ముఖాన చెప్పే ఆరోపణకు పేరైంది. పరాయివాడితో తగవు పడతాం, నిష్ఠూరమాడం. అంత్య నిష్ఠూరం కన్నా ఆది నిష్ఠూరం మేలనే సామెత కూడా సంబంధం సాగాలన్న కోరికనుంచి పుట్టినదే. ముందే అనేస్తే బంధం నిలుస్తుంది. దాచుకొంటే కక్ష అవుతుంది.

దాయ అనే ప్రాచీన పదం ఈ దృష్టికి బలమైన సాక్ష్యం. జ్ఞాతి, శత్రువు అనే రెండర్థాలనూ నిఘంటువులు దానికి ఇస్తున్నాయి. పొలానికి గట్టు పంచుకొన్నవాడే తగవుకూ మొదటివాడు.

4. ఘోషయాత్ర: అక్కసు, ఉక్రోషం

అద్దంకి రాజధానిగా పాలించిన ప్రోలయ వేమారెడ్డి ఆస్థానకవి ఎఱ్ఱన. నన్నయ విడిచిన అరణ్యపర్వశేషాన్ని ఆయన పూరించాడు. అందులోని ఘోషయాత్ర దాయాదుల కథ. ఇక్కడ వాడే పేర్లు నేటి వ్యవహారంలోనివి. ఎఱ్ఱన ప్రయోగాలని వాదం కాదు.

రాజసూయంలో పాండవుల సంపద చూసి దుర్యోధనుడు పడినది అసూయ: ఎదుటివాడికి ఉన్నది తనకు లేదన్న బాధ. ఘోషయాత్ర నాటికి రాజ్యం తన చేతిలో ఉంది, పాండవులు అడవిలో ఉన్నారు. అసూయకు కారణం లేదు. అయినా కర్ణ శకునుల ప్రోద్బలంతో, ఆలమందలను లెక్కచూసే నెపంతో, తన వైభవం వారి కంటపడేలా బయలుదేరుతాడు. గెలిచినా చల్లారని ఈ భావాన్ని అక్కసు అనాలి.

గంధర్వుల చేత చిక్కిన అతణ్ణి ధర్మరాజు ఆజ్ఞపై భీమార్జునులు విడిపిస్తారు. శత్రువు దయతో బతికిన దుర్యోధనుడు ప్రాయోపవేశానికి సిద్ధపడతాడు. బదులు తీర్చలేనిచోట పుట్టి తనమీదికే తిరిగే ఈ కోపం ఉక్రోషం. అక్కసుకు పైచేయి కావాలి. ఉక్రోషం పుట్టేది నిస్సహాయతలో. రెంటినీ ద్వేషమని అనువదిస్తే ఈ ఘట్టంలోని మలుపే కనబడదు.

జ్ఞాతుల మధ్య కలహాలు సహజం, అంతమాత్రాన కులధర్మం చెడదన్నది ధర్మరాజు ఆలోచన. దాయలో దుర్యోధనుడు శత్రువును చూశాడు, ధర్మరాజు జ్ఞాతిని చూశాడు. ఆ పదంలోని రెండర్థాలూ ఈ ఘట్టంలో రెండు పాత్రలుగా నిలిచాయి.

5. ముగింపు

తెలుగు పదజాలం అన్నిటా సంపన్నమని దీని భావం కాదు. అన్యాయం జరిగిందన్న బాధను ఏళ్ళ తరబడి మోయడాన్ని రిజెంట్‌మెంట్ ఒక్క మాటలో చెబుతుంది. ఉక్రోషం క్షణికం, కక్షలో న్యాయస్పృహ తప్పనిసరి కాదు; అక్కడ మనకు వివరణే శరణ్యం. కాని ఉన్న మాటలను విడిచిపెట్టడానికి అది కారణం కాకూడదు.

ఊళ్ళో ఏ ఘర్షణ జరిగినా వార్తల్లో అది "పాత కక్షలు" అవుతుంది. కక్ష అని పేరు పెట్టగానే రెండు పక్షాలు ఏర్పడతాయి, రాజీకి చోటు తగ్గుతుంది. నిష్ఠూరమంటే, సమాధానం చెప్పవలసినవాడు ఒకడున్నాడని గుర్తుచేసినట్టు. కాబట్టి ద్విభాషా నిఘంటువులు ఇటువంటి పదాలకు అర్థంతో పాటు వాటి క్రియలనూ, అవి చెల్లే బంధాలనూ నమోదు చేయాలి. పెళ్ళింటి గుమ్మంలో తమ్ముడన్న మాటను చేదు అని రాస్తే కథ అక్కడితో ముగుస్తుంది. నిష్ఠూరమని రాస్తే, అన్న అతణ్ణి ఆపి ఏదో ఒకటి చెప్పక తప్పదు.