సామ్యం సాక్ష్యమా? యంత్రరచన నిర్ధారణ – ఒక విమర్శ

2017 నవంబరులో ప్రారంభమైన మియాపూర్–అమీర్‌పేట మెట్రో మార్గంలో మూసాపేట ఒక స్టేషను. ఇటువంటి వ్యవస్థల విశ్వసనీయతకు యంత్రాభ్యసనం తోడ్పడే తీరు సుబోధమే. కంపనం, ఉష్ణోగ్రత, విద్యుత్తు వినియోగాల అలవాటును యంత్రం నేర్చుకొని, దాని నుంచి తొలగినదాన్ని లోపంగా అనుమానిస్తుంది. యంత్రరచనను గుర్తించే పద్ధతుల్లో ప్రధానమైనదొకటి దీనికి తలకిందులు. తరువాతి పదం ఎంత ఊహకు అందితే ఆ వాక్యం అంత అనుమానాస్పదం. ఇక్కడ అలవాటే దోషం.

కర్తృత్వ నిర్ణయానికి ఈ ప్రమాణం చాలదనడానికి తెలుగులోనే నిదర్శనం ఉంది. ఆరణ్యపర్వం చతుర్థాశ్వాసంలో నన్నయ ఆగినచోటి నుంచి ఎఱ్ఱన ఆయన రీతిలోనే పూరించి, రాజరాజనరేంద్రునికే అంకితం చేశాడు. శైలీసామ్యమొక్కటే ఆధారమైతే ఇద్దరి నడుమ హద్దు చెరిగిపోతుంది. దానిని నిలిపేది ఎఱ్ఱన స్వయంగా చెప్పుకొన్న మాట.

మెట్రోలో తప్పుడు హెచ్చరిక ఒక తనిఖీతో తీరుతుంది. సిద్ధాంతగ్రంథంపై వస్తే పరిశోధకుని నిజాయితీయే సందేహాస్పదమవుతుంది. పైగా ‘పైన పేర్కొన్న’, ‘దీనిని బట్టి’ వంటి స్థిరపదబంధాలతో నడిచే పరిశోధన వచనం సహజంగానే ఊహకు అందుతుంది. కనుక యంత్రమిచ్చే అంకె విచారణకు నాంది కావచ్చు గాని తీర్పు కారాదు. చిత్తుప్రతులు, మౌఖిక పరీక్ష వంటి సాక్ష్యాలే కర్తృత్వాన్ని నిర్ణయించాలి.