సన్నకారు, చిన్నకారు: ఒకే వరుసలో కలపవచ్చా?

వ్యవసాయ గణనలో కమతాలు ఐదు తరగతులు: హెక్టారు లోపు సన్నకారు, రెండు హెక్టార్ల వరకు చిన్నకారు, నాలుగు వరకు అర్ధ మధ్యతరహా, పది వరకు మధ్యతరహా, ఆపైన పెద్దవి. వార్తల్లో మాత్రం మొదటి రెంటినీ ఒకే గాటన కడతారు. ముడి పట్టిక చూడకుండా ఏ వరుసలూ కలపకూడదన్నది ఈ కాలమ్ పాత పట్టుదల. తెలంగాణలోని మెండోర మండలంలోనే చూడండి. పసుపు ఎనిమిది, తొమ్మిది నెలలు మడిని పట్టి ఉంచుతుంది. రెండెకరాల ఇల్లు అందుకోసం తిండిగింజలు వదులుకోవాల్సి రావచ్చు. నాలుగెకరాల ఇంటికి ఆ బాధ ఉండకపోవచ్చు.

అయితే ఆ తేడా నిజంగా ఉందో లేదో లెక్కే తేల్చాలి. సన్నకారు, చిన్నకారు, అంతకు పైవాళ్లు నూరేసి మంది అనుకుందాం. మొదటి రెండు వరుసల్లోనూ వరి 60, మక్క 30, పసుపు 10. మూడో వరుసలో 30, 30, 40. తరగతికీ పంటకూ సంబంధాన్ని పరీక్షించే కై-వర్గం విలువ 42. మొదటి రెండు వరుసలూ కలిపినా అదే 42, పిసరంత తగ్గదు. వాటి పాళ్లు ఒకటే కాబట్టి పోయిన సమాచారమేమీ లేదు. చిన్నకారును పైవాళ్లతో కలిపితే మాత్రం 10.5కు పడిపోతుంది, ముప్పాతిక వంతు సంబంధం మాయం!

అసలు చిక్కు ఆ సంబంధం బలాన్ని చెప్పే క్రామర్ వి దగ్గర. నష్టం లేని మొదటి కలయికలోనే అది 0.26 నుంచి 0.37కు పెరుగుతుంది. కై-వర్గాన్ని మొత్తం మందితోనూ, వరుసలు, నిలువుల్లో తక్కువ సంఖ్యలోంచి ఒకటి తీసేసిన అంకెతోనూ భాగించి వర్గమూలం తీస్తే వచ్చేది వి. వరుసలు మూడు నుంచి రెండైతే ఆ రెండో భాజకం 2 నుంచి 1కి దిగుతుంది. రైతుల్లో మారిందేమీ లేదు. వేర్వేరు కొలతల పట్టికల వి విలువలను పక్కపక్కన పెట్టి పోల్చడం అందుకే తప్పు.

పెద్ద కమతాలు తెలంగాణలో బహు తక్కువ. ఆ గడుల్లో అంచనా సంఖ్య 5 కన్నా తగ్గినప్పుడు పక్క తరగతితోనే కలపాలి, వరుసక్రమం చెడకూడదు. గణాంకవేత్త లియో గుడ్‌మన్ 1981లో కలపదగ్గ తరగతులకు ప్రమాణాలు రాశారు: ఆ వరుసలను మాత్రమే విడిగా పరీక్షించి, తేడా తేలకపోతేనే కలపాలి. కై-వర్గానికి బదులు జీ-వర్గం కొలత వాడితే, కలిపినందువల్ల పోయేది కచ్చితంగా ఆ కలిపిన వరుసల చిన్న పట్టిక విలువే.

కాబట్టి పంటల ప్రశ్నకు ‘చిన్న, సన్నకారు’ అన్న కలయిక సరైనదే కావచ్చు. అప్పుల వంటి వేరే ప్రశ్నకు మళ్లీ పరీక్షించాలి.