శరత్‌బాబు మన పక్కింటివాడేనా?

శరత్‌చంద్ర ఛటర్జీ తెలుగువాడు కాదంటే ఒకప్పుడు మన ఇళ్ళలో ఆడవాళ్ళు ఒప్పుకునేవారు కాదు. ఆయన పుట్టింది 1876లో, హుగ్లీ జిల్లాలో. అక్కణ్ణించి బెజవాడకి రైల్లో వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అయితేనేం, చక్రపాణిగారు, బొందలపాటి శివరామకృష్ణగారు తెనిగించి పెట్టాక ఆయన మనకి శరత్‌బాబు అయిపోయాడు. ఆ మోజులో బెంగాలీల ఇంటిపేర్లని కూడా వదల్లేదు మనం! ఛటర్జీ, బెనర్జీ, బోసు అని పిల్లలకి పేర్లు పెట్టుకున్నాం. ఎవరో బెంగాలీ తన కొడుకుని ముద్దుగా 'కందుకూరి' అని పిలుచుకుంటే మనకెలా ఉంటుందో వాళ్ళకీ అలాగే ఉంటుంది కాబోలు.

ఈ చనువు మంచిదే. కానీ చనువెక్కువై కొన్ని విషయాలు మన కంటికి ఆనకుండా పోయాయని నా ఫిర్యాదు.

'ముద్దుబిడ్డ' (1956) సినిమాకి మూలమైన బిందు కథ తీసుకోండి. బిందుకి పిల్లల్లేరు. తోడికోడలు అన్నపూర్ణ తన కొడుకుని తెచ్చి ఆవిడ ఒళ్ళో పడేస్తుంది. ఇక వాడే ఆవిడ ప్రాణం. వాణ్ణి ఎవరేమన్నా ఊరుకోదు. ఆ పంతాలతోనే ఇల్లు రెండవుతుంది, బిందు అన్నం మానేసి మంచం పడుతుంది. ఇదంతా మనకి తెలిసిన ఇల్లే అనిపిస్తుంది. తోడికోడళ్ళు మనకి లేరా, వేరుకాపరాలు లేవా!

అయితే బెంగాలీ హిందువుల్లో మేనరికం లేదు. మన పిల్లకి అత్తగారు చాలాసార్లు నాన్న తోబుట్టువే, మామగారు అమ్మ అన్నగారే. బయట సంబంధం చేసుకున్నా 'అత్తా, మామా' అన్న పిలుపులు చిన్నప్పట్నించీ నోటికి అలవాటైనవే కదా. వాళ్ళకి మేనత్త 'పిషి', అత్తగారు 'శాశుడి'. ఒకదానికొకటి చుట్టరికమే లేదు. బావగారు కన్నకూతురిలా చూసుకున్నా సరే, బిందుని చంటిపిల్లగా ఎత్తుకున్న మనిషి ఆ ఇంట్లో ఒక్కరూ లేరు. అందుకే ఆ పిల్లాణ్ణి అలా కరుచుకుపోయింది. కలిగినవాళ్ళ పిల్ల, పొగరు అని మనం చప్పున తేల్చేసే గుణం వెనక ఇదీ ఉంది.

'దేవదాసు' సంగతీ అంతే. 1953 సినిమా చూసినవాళ్ళకి గుర్తుండేది జమీందారు హోదా. 1917 నాటి నవలలో అభ్యంతరాలు వేరు: పార్వతివాళ్ళది ఆడపిల్లకి డబ్బు పుచ్చుకునే ఇల్లు, పైగా ఇంటిపక్క సంబంధం. రెండోదానికి మనకి నవ్వొస్తుంది. పిల్ల కళ్ళముందే ఉంటుందని సంబరపడే జాతి మనది! మొదటిది మాత్రం అర్థం కావడానికి ఎవరూ వ్యాఖ్యానం రాయక్కర్లేదు. 1892లో 'కన్యాశుల్కం' ఆడిన విజయనగరం మనదేగా.

ఇక చేప. బెంగాల్లో బ్రాహ్మలూ చేపలు తింటారు. పెళ్ళి సారెలో రోహు చేపని, అంటే మన శీలావతిని, పెళ్ళికూతురిలా ముస్తాబు చేసి పంపుతారు. (ఇవాళ కొల్లేరు చుట్టుపక్కల చెరువుల్లో పెరిగిన శీలావతి, బొచ్చె ఐసు పెట్టెల్లో బెంగాల్ వెళుతున్నాయి. పుస్తకాలు అటునించి ఇటు, చేపలు ఇటునించి అటు!) భర్త పోతే ఆ ఇల్లాలు మొట్టమొదట వదులుకోవలసింది ఈ చేపనే. ఏకాదశినాడు మంచినీళ్ళూ ముట్టకూడదు. పుట్టి బుద్ధెరిగి చేప ముట్టని మన బ్రాహ్మణ పాఠకురాలికి అది త్యాగంలా తోచదు. ఆ బాధ చేపల పులుసు రుచి తెలిసిన కోస్తా ఇల్లాలికి అందుతుంది. ఆ కథల్లో ఇంటిల్లిపాదికీ చేపలకూర వండి వడ్డించి, తను విడిగా శాకం వండుకునే విధవ కనిపిస్తే ఒక్క క్షణం ఆగి చూడండి.

'బాటసారి' (1961)గా మనం చూసిన 'బడదీదీ'లో మాధవి అలాంటి విధవే. వితంతు వివాహ చట్టం 1856లో విద్యాసాగరుడి పట్టుదలతో బెంగాల్ నుంచే వచ్చింది. దాని అండతో వీరేశలింగంగారు 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో పెళ్ళి చేయించారు. ఆ తరవాత కొన్నేళ్ళకి కథ రాసిన శరత్‌బాబు మాత్రం మాధవికి పెళ్ళి చెయ్యలేదు. సురేంద్రుడి తల ఆమె ఒళ్ళో పెట్టి ప్రాణం తీశాడు. చట్టం వచ్చినా ఇల్లు మారలేదని ఆయన నిజమే చెప్పాడు, కాదనను. కానీ పంతులుగారి ఊరి ఆడవాళ్ళు అక్కడ కళ్ళు ఒత్తుకుని ఊరుకోకుండా, "ఏం బాబూ, ఆ పిల్ల చేసిన పాపమేమిటి?" అని ఆయన్ని నిలదీసి ఉండాల్సింది.