పడమటి కిటికీకి వెదురు తెర

కొత్త ఇల్లు కట్టుకున్నవాళ్ళు గచ్చు, రంగులు, లైట్లు అన్నీ అయ్యాక ఆఖర్న కిటికీల దగ్గరికి వస్తారు. అప్పటికి డబ్బూ ఓపికా రెండూ అడుగంటి ఉంటాయి. షాపులో ఆల్బం తెరిచి చూపిస్తారు. అల్యూమినియం రేకుల వెనీషియన్, పైకి చుట్టుకుపోయే రోలర్, మడతలు పడే రోమన్, చారలు చారలుగా వెలుగునిచ్చే జీబ్రా. సోఫాకి రంగు కలిసిందో లేదో చూసి ఆర్డరిచ్చేస్తారు. కానీ శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో కిటికీకి ఏం కట్టాలో ఎండనీ గాలినీ అడిగి తేల్చుకోవాలి. ఆ రెండింటి మర్మం తెలిసిన పనితనం మన మేదరుల చేతిలో ఉంది. వాళ్ళు కట్టే వెదురు తెరని ఒకసారి దగ్గరగా చూద్దాం.

ముందు ఎండ సంగతి. శ్రీకాకుళం, విజయనగరం పట్టణాలు రెండూ దాదాపు 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉన్నాయి. మే రెండో వారంలో సూర్యుడు మన నడినెత్తి దాటి ఉత్తరానికి జరిగి, జూలై ఆఖరుకి తిరిగి వస్తాడు. ఆ రెండున్నర నెలలూ మిట్టమధ్యాహ్నపు ఎండ దక్షిణపు కిటికీని తాకదు. మిగతా రోజుల్లో అక్కడ సన్‌షేడ్ చాలావరకు కాపు కాస్తుంది. తూర్పు, పడమరలకి సన్‌షేడ్ అక్కరకు రాదు. ఏటవాలు ఎండ దాని కిందనుంచి దూరి గది మధ్యదాకా పరుచుకుంటుంది. తూర్పున పొద్దుటి ఎండ వచ్చేసరికి గోడలు ఇంకా చల్లగానే ఉంటాయి. పడమటి ఎండ మాత్రం అప్పటికే కాగి ఉన్న ఇంటి మీద పడుతుంది. ఇంట్లో ఒక్క కిటికీకే ఖర్చు పెట్టగలిగితే అది పడమటి కిటికీకే పెట్టాలి.

ఆ తెర కిటికీకి బయట ఉండాలి. అద్దం దాటి వచ్చిన ఎండ గదిలో వేడిగా మారుతుంది, ఆ వేడి వచ్చిన దారినే అంత తేలిగ్గా బయటికి పోదు. లోపల కట్టిన బ్లైండ్ ఎంత ఖరీదైనదైనా ఎండని తను పీల్చుకుని మన గదిలోనే కాగుతుంది. బయట వేలాడే తెర కాగినా ఆ వేడి బయటి గాలిలో కలిసిపోతుంది. మన తీరంలో గుండ్రటి చుట్టిళ్ళు కట్టినవాళ్ళకి ఈ సంగతి బాగా తెలుసు. తాటాకు చూరుని మనిషి వంగి దూరాల్సినంత కిందికి దించి, గోడకి ఎండే తగలకుండా చేశారు. ఆ వాలు చూరు తుఫాను గాలికి కూడా తట్టుకునేది.

ఇక గాలి. మన వేసవిలో వేడి కన్నా ఉక్క ఎక్కువ బాధ పెడుతుంది. చెమట ఆరాలంటే గాలి ఆడాలి. కళింగపట్నం, బారువ వైపు ఊళ్ళలో మధ్యాహ్నానికి సముద్రపు గాలి తిరుగుతుంది. అది తూర్పు నుంచి వచ్చేసరికి ఎండ పడమరకి చేరుతుంది. అప్పుడు తూర్పు తెర ఎత్తెయ్యాలి, పడమటిది దించాలి. అలా దించిన పడమటి తెరలోంచి కూడా ఇంట్లోకి వచ్చిన గాలి బయటికి పోవాలి. మందపాటి రోలర్ గుడ్డ వెలుగుని దాదాపు పూర్తిగా ఆపుతుంది, దాంతోపాటు గాలినీ ఆపుతుంది. పగలు పడుకునే నైట్‌డ్యూటీ మనిషి గదికి అది మంచిదే. అల్యూమినియం రేకులు గాలికి టపటపలాడతాయి, రేకు రేకుకీ దుమ్ము పడుతుంది, సముద్రం దగ్గర ఉప్పుగాలికి వాటి క్లిప్పులూ స్క్రూలూ తుప్పు పడతాయి. వెదురు తెర పుల్లకీ పుల్లకీ మధ్య సందు వదిలి ఎండని చాలావరకు ఆపుతుంది, గాలిని పోనిస్తుంది. పగటిపూట లోపలినుంచి వీధి కనిపిస్తుంది, వీధిలోంచి లోపలికి కనపడదు.

ఇప్పుడు ఆ తెర ఎలా తయారవుతుందో చూడాలి. మంచి పని బొంగుని ఎంచడంతోనే మొదలవుతుంది. లేత వెదురు ఎండితే ముడుచుకుపోతుంది, పుచ్చు కూడా తొందరగా పడుతుంది. మూడేళ్ళు దాటిన బొంగు కావాలి, కణుపుకీ కణుపుకీ మధ్య దూరం ఎక్కువ ఉండాలి. వానాకాలం వెళ్ళాక నరికితే మేలు, అప్పుడు కర్రలో పిండిపదార్థం తగ్గుతుంది. పుచ్చు పురుగు వచ్చేది ఆ పిండి కోసమే. నరికిన బొంగుని కొన్ని వారాలు నీళ్ళలో నానబెడితే మిగిలిన పిండి కూడా చాలావరకు పోతుంది. ఈ నానబెట్టడంలో కక్కుర్తి పడితే తెర ఎంత అందంగా ఉన్నా ఏడాది తిరక్కుండానే కింద పసుపుపచ్చటి పొడి రాలడం మొదలవుతుంది.

తర్వాత చీల్చడం. నాకు అన్నిటికన్నా ఆశ్చర్యంగా ఉండేది ఇదే. కత్తిని బొంగు కొసన ఆనించి కొడితే చీలిక మొదలవుతుంది, ఆ పైన నారే దారి చూపిస్తుంది. చీలిక ఎప్పుడూ సన్నంగా ఉన్న పక్కకే జరగబోతుంది. వదిలేస్తే ఒక బద్ద సగంలోనే తెగి ఊడిపోతుంది. పనిమంతుడు అది పక్కకి పోతోందని చేతికి తెలిసిన క్షణంలోనే లావుగా ఉన్న సగాన్ని కొంచెం ఎక్కువ వంచుతాడు, చీలిక మళ్ళీ మధ్యకి వచ్చేస్తుంది. కొలబద్ద లేదు, గీత లేదు. రెండు చేతుల్లో బిగువు తేడాని బట్టే నడిచే పని. అలా సగం, సగంలో సగం చేసుకుంటూ పోయి నాలుగైదు మిల్లీమీటర్ల పుల్ల దగ్గర ఆగుతాడు.

వెదురులో బలమంతా బయటి పచ్చపొర దగ్గరే ఉంటుంది. నార అక్కడ దట్టంగా ఉంటుంది, పైన ఇసుకలాంటి గట్టి పొర ఉండడం వల్ల నీరు త్వరగా ఇంకదు. లోపలి మెత్తటి తెల్ల భాగాన్ని తీసేసి, బయటి పొర ఉన్న పుల్లలతో కట్టిన తెరే ఎండకీ వానకీ నిలబడుతుంది. రంగులద్దిన చవక తెరల్లో తరచుగా ఆ లోపలి భాగమే ఉంటుంది. గోరుతో నొక్కి చూస్తే తేడా తెలిసిపోతుంది.

కట్టడానికి ఒక అడ్డకర్ర, దానిమీద వరసగా వేలాడే తాళ్ళు ఉంటాయి. ప్రతి తాడుకీ ముందొక కొస, వెనకొక కొస, కొసలకి బరువులు. పుల్ల పెట్టి, ముందు కొస వెనక్కి, వెనక కొస ముందుకి వేసి, మళ్ళీ పుల్ల పెడతారు. అయిదడుగుల తెరకి 300 దాకా పుల్లలు పడతాయి. మొదటి పుల్లకీ ఆఖరి పుల్లకీ తాడు బిగువు ఒకటే ఉండాలి, లేకపోతే తెర ఒక పక్కకి వాలుతుంది. కణుపులన్నీ ఒకే చోట పడితే చుట్టినప్పుడు అక్కడ ఉబ్బుతుంది, అందుకని వాటిని చెదరగొడతారు. పుల్ల మొదలు లావు, కొస సన్నం కాబట్టి ఒకదాని మొదలు ఎడమకి వస్తే తర్వాతదాని మొదలు కుడికి వస్తుంది. తెరని గట్టిగా చుట్టి రెండు చివరలూ చూడండి. రెండూ ఒకే లావున ఉంటే కట్టిన మనిషికి పని వచ్చినట్టే.

వట్టివేళ్ళ తడికల గురించి కూడా అడుగుతారు. నీళ్ళు చల్లిన వేళ్ళలోంచి పొడిగాలి వీస్తే నీరు ఆవిరై గాలి చల్లబడుతుంది, వాసన కూడా హాయిగా ఉంటుంది. అయితే గాలి పొడిగా ఉంటేనే ఆ ఫలితం. బొబ్బిలి, పార్వతీపురం వైపు పడమటి వడగాడ్పు రోజుల్లో అవి బాగా పనిచేస్తాయి. సముద్రపు ఒడ్డున తేమ గాలికి నీళ్ళు చల్లితే ఉక్క పెరగడమే.

రాత్రి దీపం వేశాక వెదురు తెర చాటు ఇవ్వదు. వెలుగు లోపల ఉంటుంది కాబట్టి బయటివాళ్ళకి గది కనిపిస్తుంది. అందుకు లోపల ఒక చేనేత నూలు కర్టెన్ కావాలి. పొందూరు సన్న ఖాదీని మాత్రం కిటికీకి కట్టకండి. వాలుగ చేప దవడతో పత్తి దువ్వి, ఏకులు చేసి, ఎండిన అరటి దొప్పలో దాచుకుని వడికే నూలు అది. ఎండ నూలుని పీక్కుతినేస్తుంది, అంత పనితనాన్ని దానికి అప్పజెప్పకూడదు. కిటికీకి ముతక నేతే సరిపోతుంది.

బిగించేటప్పుడు తెరని సన్‌షేడ్ అంచునుంచి వేలాడదీయండి. బయటికి తెరుచుకునే తలుపులకి చోటు ఉంటుంది, వేడిగాలి పైకి పోవడానికి సందూ ఉంటుంది. మేకులు వద్దు, కొక్కేలు పెట్టించండి. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ తుఫాన్లు రెండూ అక్టోబరులోనే వచ్చాయి. తుఫాను కబురు అందగానే తెర తీసి ఇంట్లో పెట్టుకునేలా ఉండాలి. లాగే తాడు పసిపిల్లలకి అందనంత ఎత్తులో కట్టండి, ఏ రకం బ్లైండ్‌కైనా ఆ తాడు పిల్లల మెడకి ప్రమాదమే.

మీ ఊళ్ళో మేదర వీధి ఉంటే కొలతలు రాసుకుని వెళ్ళండి. నానబెట్టిన బొంగే కావాలని, బయటి పొర పుల్లే కావాలని అడగండి. అడ్వాన్సు ఇచ్చి, బొంగు నానడానికి పట్టే వారాలు ఓపిక పట్టండి. వాళ్ళు చెప్పిన ధరని షాపులో వేలాడే చవక తెర ధరతో పోల్చి బేరం ఆడకండి.