గాలి మోయు బరువు

కారు వెనుక తగిలించి లాగుకొనిపోవు ట్రావెల్ ట్రైలర్, ఏడాదిలో అధికభాగము ఇంటి ప్రక్కనో అద్దె స్థలములోనో కదలక నిలిచియుండి, సెలవులు రాగానే టెక్సస్ ఎండలో వందల మైళ్లు పరుగిడవలసినదగుటచేత, దాని టైర్లు అరుగుటకు ముందే ముదిసిపోవును. డాలస్‌లో నివసించు మా మేనల్లుడు "మామయ్యా, గీతలింకా అరగనే లేదు, ఇప్పుడే ఎందుకు మార్చడం?" అని అడిగినప్పుడు, నేను మొట్టమొదట చూడుమన్నది టైరు ప్రక్కగోడపై డి.ఓ.టి. అను అక్షరములతో ఆరంభమగు సంకేతమునందలి చివరి నాలుగంకెలను. 2319 అని యున్నచో అది 2019వ సంవత్సరపు ఇరువదిమూడవ వారమున తయారైనదని గ్రహింపవలెను. ఈ యంకెలు ఒక్క ప్రక్కనే ముద్రితమై, ఆ ప్రక్క లోపలివైపునకు బిగింపబడియుండుటయు కద్దు; బండిక్రిందికి దూరియైనను చూడవలసినదే. ఐదారేండ్లు నిండిన ట్రైలర్ టైరును, పైకెంత నిగనిగలాడుచున్నను, నేను నమ్మను. కొత్తది కొనునప్పుడును ఈ యంకెలు చదువక సొమ్ము చెల్లింపరాదు.

పిమ్మట బరువు. ఈ విషయమున నాకు పట్టుదల మెండు. 3,500 పౌండ్ల ఇరుసులకు తరచుగా అమర్చబడు ఎస్.టి. (స్పెషల్ ట్రైలర్) 205/75 ఆర్ 14, లోడ్ రేంజ్ సి టైరు, చదరపు అంగుళమునకు 50 పౌండ్ల గాలితో మోయగలిగినది 1,760 పౌండ్లు. జత కలిసి 3,520. ఇరుసు నిండుగా బరువెత్తినప్పుడు మిగులు ఇరువది పౌండ్లే. అమెరికాలో మనవారు అంగడినుండి తెచ్చుకొను సోనామసూరి సంచి యొక్కదానితో అది తీరిపోవును. పైగా వంటగదియు నీటితొట్టియు నున్న వైపు రెండవవైపుకంటె భారమైనచో, లెక్కలో సరిపోయిన టైరు రోడ్డుపై సరిపోదు. కావున ప్రయాణమునకు వలసిన సామగ్రి యంతయు నింపి, రహదారి ప్రక్కన లారీలు ఆగు కాటాపై ఇరుసుల బరువు తూచిన పిదపనే కొనుటకు పోవలెను. అదే కొలతలో లోడ్ రేంజ్ డి టైరు 65 పౌండ్ల గాలితో 2,040 పౌండ్లు మోయును. కాని రిమ్ముపై సూచించిన హద్దును, వాల్వు శక్తియు దానికి తగినట్లుండవలెను.

ఇచ్చట అనేకులు గమనింపని సంగతి యొకటి కలదు. బలమైన టైరు కొనియు పాత అలవాటుచొప్పున 50 పౌండ్లే నింపినచో, అది మోయగలిగినది మరల ఆ 1,760 పౌండ్లే. ఏలయన బరువును భరించునది ముఖ్యముగా లోపల బంధింపబడిన గాలియే. గాలి చాలనప్పుడు చక్రము తిరిగిన ప్రతిసారి ప్రక్కగోడలు అధికముగా మడతపడి, ఆ మడతవలన పుట్టిన వేడి లోపలనే పేరుకొని, రబ్బరునకును త్రాళ్లకును గల బంధమును సడలించును. రెండిరుసుల బండి ఇరుకు మలుపు తిరుగునప్పుడు టైర్లు ప్రక్కకీడ్వబడుటచేత ఆ బంధముపై ఒత్తిడి ఇంకను హెచ్చును. తుదకు ఊడిన పైపొర కొరడావలె కొట్టుకొని బండి అడుగుభాగమునే చీల్చివేయగలదు.

ప్రక్కగోడపై వ్రాసిన పరిమితి చల్లని టైరునకు సంబంధించినది. కావున సూర్యుడు పైకి రాకమునుపు, బండి కదలకమునుపు, గేజి పెట్టి చూచుట మంచిది; దారిలో ఆగినచో మూడు గంటలు నిలిపిన పిమ్మట చూడవలెను. పరుగువలన వేడెక్కి పెరిగిన ఒత్తిడిని చూచి బెదిరి గాలి తీయరాదు. వేరొక వేగసూచన లేని ఎస్.టి. టైర్లకు 65 మైళ్ల వేగమును చిరకాలముగా హద్దుగా పాటించుచున్నారు. నేనును దానిని దాటను.

కొత్త టైర్లు బిగించిన పిదప 50 మైళ్లు పోయి ఆగి, నట్లను టార్క్ రెంచితో మరల సరిచూడవలెను. వెనుక వ్రేలాడు స్టెప్నీ టైరు అంకెలను కూడ ఆ రోజుననే చదివి, గాలి చూచుట మేలు.